వలస, పౌర స్వేచ్ఛ, చట్టసభల సంఘాలు: తెలుగువారి అనుభవం

పనికోసం, చదువుకోసం, పెళ్లి మూలంగా ఊరు విడిచి వెళ్లేవారి హక్కుల గురించి చట్టసభలు తమ సంఘాల ద్వారా విచారించే పద్ధతి భారతదేశంలో బ్రిటిష్ పాలన నాటినుంచీ ఉంది. మారిషస్‌కు ఒప్పంద కూలీలు ఓడలెక్కిన 1830ల దశకంనుంచి కొత్త వలస చట్టం ముసాయిదా వెలువడిన 2025 వరకు సాగిన ఈ చరిత్రలో తెలుగువారిది పెద్ద భాగం. ఉత్తర కోస్తా ఓడరేవులనుంచి రంగూన్ వెళ్లిన కూలీలు, గోదావరి, కడప జిల్లాలనుంచి గల్ఫ్‌కు వెళ్లిన స్త్రీలు, కృష్ణా డెల్టానుంచి అమెరికా వెళ్లిన విద్యార్థులు, ఇంజనీర్లు ఈ చర్చలకు కారణమయ్యారు. అయితే వారి గురించి మాట్లాడిన గదుల్లో వారి గొంతు వినిపించింది తక్కువ. వలసపోయిన మనిషిని పిలిచి విన్నారా లేదా అన్నదే ఈ సంఘాల పనిని తూచే మొదటి కొలమానం.

పరిధి

ఐరోపా పార్లమెంటులో పౌర స్వేచ్ఛలు, న్యాయం, వలస, ఆశ్రయం అన్నీ ఒకే సంఘం పరిధిలోకి వస్తాయి. పౌర స్వేచ్ఛలు, న్యాయం, అంతర్గత వ్యవహారాల కమిటీ అని దాని పేరు. 2024 ఏప్రిల్‌లో ఐరోపా పార్లమెంటు ఆమోదించిన వలస, ఆశ్రయ ఒడంబడికలోని చట్టాలు ఎక్కువగా ఈ కమిటీలోనే రూపుదిద్దుకున్నాయి. దాని సమావేశాలు సాధారణంగా బహిరంగంగా జరుగుతాయి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు.

భారత పార్లమెంటులో ఈ పని నాలుగు ముక్కలైంది. దేశం విడిచి వెళ్లేవారి సంగతి లోక్‌సభ కింద ఉన్న విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం చూస్తుంది. పౌరసత్వం, విదేశీయుల రాకపోకలు, పోలీసు వ్యవస్థ రాజ్యసభ కింద ఉన్న హోం వ్యవహారాల సంఘానికి వస్తాయి. న్యాయస్థానాలు, ఎన్నికల చట్టాలు సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ వ్యవహారాల సంఘం చేతిలో ఉంటాయి. రాష్ట్రంనుంచి రాష్ట్రానికి వెళ్లే కూలీల విషయం కార్మిక సంఘం పరిశీలిస్తుంది. గల్ఫ్‌లో జీతం అందక, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుని, ఇక్కడ ఏజెంటు మీద కేసు పెట్టిన ఒక్క కుటుంబం కష్టం ఈ సంఘాల్లో కనీసం మూడింటి పరిధిలోకి పోతుంది. పూర్తి బాధ్యత ఏ ఒక్కదానిదీ కాదు.

కృష్ణా డెల్టా నేపథ్యం

డెల్టాకు ఉదాహరణగా కూచిపూడిని తీసుకోవచ్చు. అది కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని గ్రామం, మచిలీపట్నం దగ్గరలో, కాలవల కింద పండే మాగాణి నడుమ ఉంది. 1832–33 నాటి డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని, గుంటూరు సీమను తుడిచిపెట్టింది. 1855లో విజయవాడ దగ్గర కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక నీరు నిలకడగా అంది, డెల్టా జీవితం మారింది. అందుకే పంతొమ్మిదో శతాబ్దంలో ఒప్పంద కూలీల ఓడలెక్కినవారిలో డెల్టావారికంటే గంజాం, విశాఖపట్నం, చిత్తూరు ప్రాంతాలవారు ఎక్కువ. డెల్టా రైతులు ఇరవయ్యో శతాబ్దంలో నిజాంసాగర్, తుంగభద్ర ఆయకట్టులకు తరలివెళ్లారు. నిజామాబాద్, రాయచూరు, సింధనూరు ప్రాంతాల్లో వారు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులంటారు. 1965లో అమెరికా తన వలస చట్టంలో దేశాలవారీ పాత కోటాలను ఎత్తివేశాక డాక్టర్లు, తర్వాత ఇంజనీర్లు అటు దారి పట్టారు. కూచిపూడి నాట్యాచార్యులూ, శిష్యులూ ప్రదర్శనలకోసం, నాట్య పాఠశాలలకోసం అదే దారిలో వెళ్లారు.

ఇలా ఒకే డెల్టా కుటుంబంలో ఒకరు అమెరికాలో గ్రీన్ కార్డు వరుసలో ఉండగా, ఆ ఇంటి పొలంలో నాట్లు వేసే కూలీలు శ్రీకాకుళం, విజయనగరంనుంచి వచ్చి ఉంటారు. వలసపోయేవారూ వలసవచ్చేవారూ ఒకే నేలమీద ఎదురుపడే చోటు ఇది.

ఒప్పంద కూలీల కాలం

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన 1834లోనే మారిషస్ చెరకు తోటలకు భారతీయ కూలీల తరలింపు పెద్దయెత్తున మొదలైంది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుమీద మారిషస్‌లో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. మోసపు మాటలతో జనాన్ని ఎక్కిస్తున్నారన్న ఆరోపణలు రావడంతో 1838లో కలకత్తాలో ఒక విచారణ సంఘాన్ని నియమించారు. తిరిగివచ్చిన కూలీలను ఆ సంఘం పిలిచి విన్నది. మారిషస్‌నుంచి వచ్చిన బీబీ జుహూరున్ అనే స్త్రీ అక్కడి పరిస్థితులను చెప్పిన వాంగ్మూలం నేటికీ ఆ కాలపు ముఖ్య సాక్ష్యాల్లో ఒకటి. 1839లో వలసను నిషేధించారు. 1840లో సంఘంలోని అధిక సంఖ్యాకులు ఈ పద్ధతిని ఖండిస్తూ నివేదిక ఇచ్చారు. తోటల యజమానుల ఒత్తిడి గెలిచి, 1842లో మారిషస్‌కు దారి మళ్లీ తెరిచారు. దానికి బదులుగా వచ్చిన ఏర్పాటు, రేవుల్లో వలసదారుల రక్షకుడనే అధికారిని నియమించడం. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అన్న ఆ పదవి నేటి చట్టంలోనూ ఉంది.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు డర్బన్ చేరింది. 1903నుంచి మద్రాసు రేవుమీదుగా ఫిజీకి కూడా తెలుగువారూ తమిళులూ వెళ్లారు. 1909లో లండన్‌లో లార్డ్ శాండర్సన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. సాక్షుల్లో ఎక్కువమంది కాలనీల పాలనాధికారులు, తోటలతో సంబంధమున్నవారు. వలస వల్ల కాలనీలకు మేలు జరుగుతోందన్న నిర్ణయానికే ఆ సంఘం వచ్చింది. కలకత్తా సంఘం తిరిగివచ్చినవారిని విని ఖండించింది, లండన్ సంఘం పనిచేయించుకున్నవారిని విని సమర్థించింది. ఎవరిని సాక్షిగా కూర్చోబెడితే నివేదిక అటు మొగ్గుతుందని ఈ రెండూ చెబుతున్నాయి.

ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో గోపాలకృష్ణ గోఖలే 1910 ఫిబ్రవరిలో నేటాల్‌కు ఒప్పంద కూలీల తరలింపును ఆపాలని తీర్మానం పెట్టి నెగ్గించుకున్నారు. 1911 జూలై 1నుంచి అది ఆగింది. మొత్తం ఒప్పంద పద్ధతినే రద్దు చేయాలని 1912 మార్చిలో ఆయన తెచ్చిన తీర్మానానికి 22 మంది ఓటేసినా, అధికార సభ్యుల ఆధిక్యంతో అది వీగిపోయింది. ఆ తర్వాత బ్రిటిష్ సంఘసేవకులు సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ స్వయంగా ఫిజీ వెళ్లి, కూలీ లైన్లలో జనంతో మాట్లాడి 1916లో నివేదిక రాశారు. అదే ఏడాది మార్చిలో మదనమోహన మాలవీయ తీర్మానాన్ని ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 1917లో తరలింపు ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలూ రద్దయ్యాయి.

1922 చట్టం, బర్మా

1922 నాటి భారత వలస చట్టం ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. నైపుణ్యం అక్కరలేని పనికి కూలీలను ఏ దేశానికి పంపాలన్నా కేంద్ర చట్టసభల రెండు సభల ఆమోదం తప్పనిసరి అయింది. ప్రభుత్వానికి సలహా ఇచ్చేందుకు రెండు సభల సభ్యులతో వలస స్థాయీ సంఘం ఏర్పడింది. నేటి విదేశీ వ్యవహారాల సంఘం వలసపై చేసే పనికి ఇది పూర్వరూపం. సిలోన్, మలయాలకు భారత ప్రభుత్వ ఏజెంట్లు వెళ్లి తోటల్లో పరిస్థితులు చూసి నివేదికలు పంపేవారు. మలయాలో రబ్బరు తోటల కూలి తగ్గించినప్పుడు భారత ప్రభుత్వం 1938 జూన్‌లో అక్కడికి కంగాణీలనే కూలీల గుత్తేదారుల ద్వారా జరిగే వలసను నిషేధించగలిగింది.

ఈ రక్షణ తెలుగువారు అత్యధికంగా వెళ్లిన చోటుకు వర్తించలేదు. బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అందుచేత రంగూన్ వెళ్లడం చట్టం దృష్టిలో విదేశీ వలసే కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవులనుంచి డెక్‌మీద టిక్కెట్టు కొనుక్కుని ఎక్కితే చాలు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులుంటే, అందులో తెలుగువారు లక్షన్నరకు పైచిలుకు. రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే. ఓడరేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల కూలీలు ఎక్కువగా తెలుగువారు. కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేవరకు కూలి అతని చెప్పుచేతల్లో ఉండేవాడు.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకుని, సమ్మె తీరగానే వారిని పంపేశాయి. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, మృతుల్లో అధికభాగం భారతీయ కూలీలు. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలో ఈ కూలీల బతుకును, మేస్త్రీ పద్ధతిని చర్చించింది. రంగూన్‌లో వలస రక్షణ అధికారిగా పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో ఒక పుస్తకమే రాశాడు. ఇంత వివరం చేతిలో ఉన్నా చట్టరూపంలో రక్షణ రాలేదు. 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి. భారతీయుల వలసపై జేమ్స్ బాక్స్‌టర్ జరిపిన విచారణ తర్వాత, 1941 జూన్‌లో భారత, బర్మా ప్రభుత్వాలు ఒక ఒప్పందం కుదుర్చుకుని వలసపై కఠినమైన ఆంక్షలు పెట్టాయి. కేంద్ర శాసనసభలో, వర్తక సంఘాల్లో దీనిపై తీవ్రమైన నిరసన వ్యక్తమైంది. గాంధీజీ కూడా దాన్ని ఖండించారు. దశాబ్దాలుగా బర్మాలో ఉన్నవారి హక్కును వారిని అడగకుండా నిర్ణయించారన్నది ఆ నిరసనలోని సారం.

ఒప్పందం పూర్తిగా అమలయ్యేలోపే జపాన్ దండయాత్ర వచ్చింది. 1942లో నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా వదిలారు. చాలామంది అడవుల్లో, కొండదారుల్లో నడుస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1962 తర్వాత నె విన్ సైనిక పాలనలో రెండో విడతగా తిరిగివచ్చినవారి జ్ఞాపకం విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి పేర్లలో నిలిచింది.

రాజ్యాంగం, ప్రయాణ హక్కు

1947లో రాజ్యాంగ సభ ప్రాథమిక హక్కుల ముసాయిదాను ఒక సలహా సంఘానికి, దాని కింద ఉపసంఘానికి అప్పగించింది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ ఉపసంఘ సభ్యుడు. 1949 ఆగస్టులో పౌరసత్వ అధికరణలపై జరిగిన చర్చలోనూ ఆయన ముఖ్యపాత్ర వహించారు. భారత సంతతికి చెంది విదేశాల్లో ఉంటున్నవారు భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేసుకుంటే పౌరులయ్యే అవకాశాన్ని ఎనిమిదో అధికరణ ఇచ్చింది.

దేశం దాటి వెళ్లడం హక్కా, ప్రభుత్వం దయచేసి ఇచ్చే అనుమతా అన్న ప్రశ్నకు రాజ్యాంగంలో సూటి జవాబు లేదు. దానికి సమాధానం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు ఇచ్చారు. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురి ఆధిక్యంతో, విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ఆయన తీర్పు రాశారు. చట్టమంటూ లేకుండా అధికారి ఇష్టాన్నిబట్టి పాస్‌పోర్టు నిరాకరించడం చెల్లదన్నారు. ఆ తీర్పు ఫలితంగానే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978 జనవరిలో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, తన మాట చెప్పుకునే అవకాశం మనిషికి ఇవ్వకుండా పాస్‌పోర్టు జప్తు చేయడం న్యాయమైన పద్ధతి కాదని చెప్పింది. ఎవరిమీద నిర్ణయం తీసుకుంటున్నామో వారిని వినాలన్న ఈ సూత్రం కోర్టుల్లో స్థిరపడింది. చట్టసభల సంఘాలకు మాత్రం అది ఇంకా నియమం కాలేదు.

నేటి సంఘాలు ఎలా పనిచేస్తాయి

శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో మొదలై 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది సభ్యులు, లోక్‌సభనుంచి 21, రాజ్యసభనుంచి 10. మంత్రులు ఇందులో ఉండరు. సభ అప్పగించిన బిల్లులను, శాఖల బడ్జెట్ పద్దులను, తాము ఎంచుకున్న అంశాలను పరిశీలిస్తాయి. ప్రజలనుంచి అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటనలిస్తాయి, అధికారులను, నిపుణులను పిలిచి వింటాయి. సమావేశాలు రహస్యంగా జరుగుతాయి. నివేదికలోని సిఫారసులకు ప్రభుత్వం జవాబు చెప్పాలి కాని, వాటిని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. ఒప్పుకోని సభ్యులు అసమ్మతి పత్రం జతచేయవచ్చు.

ఈ వ్యవస్థ మంచిగా పనిచేసిన సందర్భాలున్నాయి. నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన హోం వ్యవహారాల సంఘం 2013 మార్చిలో క్రిమినల్ లా సవరణ బిల్లుపై నివేదిక ఇచ్చింది. లైంగిక నేరాల చట్టాలను పరిశీలించిన జస్టిస్ వర్మ కమిటీ సిఫారసుల వెలుగులో ఆ ఏడాది వచ్చిన చట్టం, మనుషుల అక్రమ రవాణాను నిర్వచిస్తూ భారత శిక్షాస్మృతిలో 370వ సెక్షన్‌ను తిరగరాసింది. ఆ శిక్షాస్మృతి అమల్లో ఉన్న 2024 వరకు మోసపు ఏజెంట్ల చేతిలో పడినవారికి అక్కరకొచ్చిన సెక్షన్ ఇది.

వ్యవస్థ బలహీనపడిన తీరు కూడా స్పష్టంగానే ఉంది. చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు సంఘాలకు వెళితే, 17వ లోక్‌సభలో ఆ వాటా 16 శాతానికి పడిపోయింది. నాలుగు పాత చట్టాల స్థానంలో వచ్చిన వలస, విదేశీయుల చట్టం 2025 ఏప్రిల్‌లో ఏ సంఘం పరిశీలనా లేకుండా ఆమోదం పొందింది. సంయుక్త సంఘానికి పంపాలన్న ప్రతిపక్ష సభ్యుల కోరికను ప్రభుత్వం అంగీకరించలేదు.

రహస్య విచారణ వల్ల జరిగే నష్టం తెలుగు నేలకు బాగా తెలుసు. అత్యవసర పరిస్థితి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్లపై వి.ఎం. తార్కుండే కమిటీ 1977లో నిజనిర్ధారణ చేశాక, ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ సాక్షులతో ఆ కమిషన్ ముందు నిలిచారు. విచారణను తలుపులు మూసి జరపాలన్న ప్రభుత్వ పట్టుదల దగ్గర ఆ ప్రయత్నం ఆగిపోయింది. కమిషన్, పార్లమెంటరీ సంఘం ఒకటి కావు. కాని తమపై సాగే విచారణను చూడలేని ప్రజలు దాన్ని నమ్మరన్న పాఠం రెండింటికీ వర్తిస్తుంది.

గల్ఫ్ వలస, కొత్త చట్టం కోసం నిరీక్షణ

1970లలో చమురు ధరలు పెరిగాక గల్ఫ్‌కు మొదలైన వలసలో కరీంనగర్, నిజామాబాద్, కడప, ఉభయ గోదావరి జిల్లాలవారు ముందున్నారు. గోదావరి జిల్లాల, కడప స్త్రీలు కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లారు. 1922 చట్టం స్థానంలో 1983 డిసెంబరు 30న కొత్త వలస చట్టం అమల్లోకి వచ్చింది. రిక్రూటింగ్ ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలి, బ్యాంకు గ్యారంటీ కట్టాలి. పదో తరగతి పాసుకానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ అనుమతి కావాలి. ఇలా అనుమతి అవసరమైన ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్లలోపు స్త్రీలకు ఆ అనుమతి ఇవ్వరు.

రక్షణ పేరుతో పెట్టిన ఈ నిబంధనల వల్ల ఒక దుష్ఫలితం కలిగింది. దారి మూసినచోట ఏజెంటు దొడ్డిదారి చూపించాడు. విజిట్ వీసామీద పంపడం, ఎక్కడైనా పనిచేసుకోవచ్చని నమ్మించి ఆజాద్ వీసా అమ్మడం పెరిగాయి. అకామా (నివాస అనుమతి) గడువు తీరాక కఫీల్‌ను (వీసా ఇచ్చిన యజమానిని) వదిలి పారిపోయినవారు ఖల్లివెల్లి (పత్రాలు లేనివారు) అన్న ముద్రతో ఏళ్లతరబడి దాక్కుని బతుకుతారు. వారికి జబ్బు చేసినా, జీతం ఎగ్గొట్టినా చెప్పుకునే చోటు లేదు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా సైబర్ మోసాల వ్యవహారంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన తెలుగు యువకులను నిర్బంధించి నేరాలు చేయించారు. అది 1983 చట్టం ఊహించని వలస.

కొత్త చట్టానికి 2019లో, 2021లో ముసాయిదాలు వచ్చి ఆగిపోయాయి. శశి థరూర్ అధ్యక్షతన విదేశీ వ్యవహారాల సంఘం 2025 ఏప్రిల్‌లో ప్రవాస భారతీయుల స్థితిగతులపై ఇచ్చిన నివేదికలో ఈ జాప్యాన్ని ఎత్తిచూపింది. అదే ఏడాది అక్టోబరులో విదేశాంగ శాఖ ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. ఈ బిల్లు సంఘం ముందుకు వస్తే, గల్ఫ్‌నుంచి తిరిగివచ్చిన స్త్రీలను రాజమండ్రిలోనో కడపలోనో కూర్చోబెట్టి వారి భాషలో వినడం ఆ సంఘం చేయదగిన మొదటి పని.

పెళ్లిళ్లు, విదేశీ విడాకులు

అమెరికా సంబంధాలు పెరిగిన డెల్టాలో పెళ్లయిన కొద్దికాలానికే వదిలేయబడ్డ స్త్రీల కష్టం దశాబ్దాలుగా ఉన్నదే. ఈ విషయంలో మైలురాయి అయిన కేసు కూడా తెలుగువారిదే. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టునుంచి విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1991 జూలైలో సుప్రీంకోర్టు, ఏ చట్టం ప్రకారం పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకున్న కారణాలమీద, ఆ చట్టం ఒప్పుకున్న కోర్టు ఇచ్చిన విడాకులే సాధారణంగా చెల్లుతాయని తేల్చింది.

2007లో పార్లమెంటు మహిళా సాధికారత సంఘం ఎన్నారై భర్తలు వదిలేసిన స్త్రీల దుస్థితిపై ప్రత్యేక నివేదిక ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ఎన్నారై వివాహాల నమోదు బిల్లు, 30 రోజుల్లో పెళ్లి నమోదు చేయాలని, లేదంటే పాస్‌పోర్టు జప్తు చేయవచ్చని ప్రతిపాదించింది. దీన్ని పరిశీలించిన విదేశీ వ్యవహారాల సంఘం 2020 మార్చిలో నివేదిక ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలంది. ఇన్ని నివేదికల తర్వాతా చట్టం రాలేదు. పాస్‌పోర్టు జప్తు భర్త ప్రయాణ హక్కుకు, ఆచూకీ లేని భర్త భార్య న్యాయ హక్కుకు సంబంధించినవి. రెండింటినీ తూచి సమతూకం తేవడం సంఘం మాత్రమే తీరిగ్గా చేయగల పని. అది చేసిన నివేదికను ఐదేళ్లకు పైగా పక్కనపెట్టడం క్షమించరానిది.

విద్యార్థులు, అమెరికా

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల వీసా కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే డెల్టాకు అమెరికా చదువుమీద ఉన్న ఆశ తెలుస్తుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు, అక్కడ పేరు నమోదు చేసుకున్నవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు. కొందరి కాలికి నిఘా పట్టీలు తగిలించారు. నాటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ దీనిపై అభ్యంతరం తెలిపారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే పెట్టిన నకిలీ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థుల్లో వందమందికి పైగా అరెస్టు చేశారు, వారిలోనూ తెలుగువారే ఎక్కువ. తానా, ఆటా వంటి అమెరికా తెలుగువారి సంస్థలు వారికి న్యాయసహాయం అందించాయి.

అక్కడి చట్టసభ సంఘాల పని కూడా ఈ కుటుంబాలను తాకుతుంది. హెచ్-1బీ వీసా 1990 చట్టంతో వచ్చింది. దానికి ఏటా 65,000, అమెరికాలో పైచదువు చదివినవారికి మరో 20,000 పరిమితి ఉంది. ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఒక్క దేశానికి ఏడు శాతం మించకూడదన్న నియమం వల్ల భారతీయులు దశాబ్దాలు ఎదురుచూస్తున్నారు. ఆ పరిమితిని తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గినా చట్టం కాలేదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానంలో భారతీయులను సంకెళ్లతో అమృత్‌సర్ చేర్చినప్పుడు, విదేశాంగ మంత్రి రాజ్యసభలో ప్రకటన చేశారు. సభలో ప్రకటనకు కొన్ని నిమిషాలు చాలు. తిరిగివచ్చిన ఒక్కొక్కరూ ఏ ఏజెంటుకు ఎంత ముట్టజెప్పారో, ఏ దారిన తిప్పారో తెలుసుకోవడం సంఘం స్థాయిలోనే సాధ్యం.

డెల్టాకు వచ్చేవారు

విజయవాడ, గుంటూరు చుట్టూ ఉన్న ఇటుక బట్టీల్లో పశ్చిమ ఒడిశాలోని బలంగీర్ ప్రాంతంనుంచి వచ్చిన కుటుంబాలు పనిచేస్తాయి. అడ్వాన్సు తీసుకుని పిల్లాపాపలతో సీజనంతా బట్టీ దగ్గరే ఉంటాయి. ఇలా అడ్వాన్సు తీసుకుని వలసపోయే ఒడిశా దాదన్ కూలీల దోపిడీ నేపథ్యంలో 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు లైసెన్సు, ప్రయాణ భత్యం, వసతి అందులో ఉన్నా అమలు నామమాత్రం. 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారులమీద నడిచినవారిని చూశాకే దేశానికి వారి సంఖ్య ఎవరి దగ్గరా లేదని తెలిసింది. భర్తృహరి మహతాబ్ అధ్యక్షతన కార్మిక సంఘం 2021లో కొవిడ్ ప్రభావంపై ఇచ్చిన నివేదిక ఆ వైఫల్యాన్ని నమోదు చేసింది. 2020లో ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో 1979 చట్టం కలిసిపోయింది. ఆ స్మృతి 2025 నవంబరు 21నుంచి అమల్లో ఉంది. విదేశంలో తన బిడ్డకు న్యాయం కోరే డెల్టా, తన ఊరి బట్టీలోని బిడ్డకూ అదే న్యాయం కోరితేనే ఆ కోరికకు బలం.

పౌరసత్వం, ఓటు

ఎల్.ఎం. సింఘ్వీ నాయకత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ ప్రవాసుల గురించి ఇచ్చిన నివేదిక 2002 జనవరిలో విడుదలైంది. దాని ఆధారంగా వచ్చిన 2003 పౌరసత్వ సవరణ బిల్లును హోం వ్యవహారాల సంఘం పరిశీలించింది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే నేటి ఓసీఐ కార్డు ఆ క్రమంలోనే పుట్టింది. భారత పౌరసత్వం వదలని ప్రవాసులకు 2010 సవరణ ఓటు హక్కునిచ్చింది. పాస్‌పోర్టులో ఉన్న చిరునామాలో నమోదు చేసుకుని, పోలింగు రోజున స్వయంగా రావాలి. కూచిపూడి చిరునామా ఉన్నవారైతే పామర్రు శాసనసభ, మచిలీపట్నం లోక్‌సభ స్థానాల్లో ఓటేయవచ్చు. విమానం టిక్కెట్టు కొనగలిగే ఇంజనీరు వచ్చి ఓటేస్తాడు, కువైట్‌లో ఇంటిపని చేసే స్త్రీ రాలేదు. తమ తరఫున మరొకరు ఓటేసే ప్రాక్సీ పద్ధతికి వీలిచ్చే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభ దాటినా మురిగిపోయింది.

మూల్యాంకనం

ఓటు అందని మనిషికి చట్టసభలో మిగిలిన ద్వారం అర్జీ. లోక్‌సభలో, రాజ్యసభలో అర్జీల సంఘాలున్నాయి. తెలుగులో రాసిన అర్జీకి హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఈ మార్గం ఉందని తెలిసిన గల్ఫ్ కుటుంబాలు చాలా తక్కువ.

దాదాపు రెండు వందల ఏళ్ల ఈ అనుభవంలో నివేదికలకు కొదవ లేదు. 1931 నాటికే మేస్త్రీ అడ్వాన్సు పద్ధతి కాగితంమీదికి ఎక్కింది, ఇటుక బట్టీలో అది నేటికీ నడుస్తోంది. కొరవడినవి మూడు: వలసపోయినవారిని, వారి కుటుంబాలను సాక్షులుగా పిలవాలన్న నియమం, వారి జిల్లాల్లో వారి భాషలో బహిరంగ విచారణ, నాలుగు సంఘాల మధ్య చీలిన బాధ్యతను కలిపే ఒక సంయుక్త పరిశీలన. వీటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. సంఘాల కార్యవిధాన నియమాలు మారిస్తే చాలు, తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆ మార్పు కోరవచ్చు. కొత్త వలస బిల్లు సభకు వచ్చేలోపు ఆ కోరికను తమ ఎంపీల ముందు పెట్టే బాధ్యత తెలుగు ఓటర్లది.